మీ ఊరి రైల్వే స్టేషన్ చరిత్ర మీరే సేకరించాలంటే

మా తాతయ్య మీటరు గేజి (పట్టాల మధ్య ఎడం ఒక మీటరు) రోజుల్లో గుంటూరు–గుంతకల్లు లైన్లో పాయింట్స్‌మన్‌గా (స్టేషన్లో పట్టాల దారి మార్చే ఉద్యోగిగా) చేశారు. ఆయన పోయిన ఏడాదికి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున ఒక విజిలు, నాలుగు అట్ట టికెట్లు, ఒక గ్రూప్ ఫోటో, జేబులో పట్టే నోటుబుక్కు దొరికాయి. నోటుబుక్కు నిండా పెన్సిల్‌తో రాసిన అంకెలు, రెండు మూడు ఇంగ్లీషు అక్షరాల గుర్తులు ఉన్నాయి. అవేమిటో చెప్పగలిగిన మనిషి అప్పటికి మా ఇంట్లో లేరు. ఆయన బతికున్న ఇరవై ఏళ్ళలో నేను ఆయన్ని రైలు గురించి అడిగింది "తాతా, ఇంజన్ ఎక్కావా?" అనే ఒక్క మాట.

ఆ బాధతోనే ఈ పని మొదలుపెట్టాను. అప్పటినుంచి రిటైరైన డ్రైవర్లు, స్టేషన్ మాస్టర్లు, పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాలామందితో కూర్చుని మాట్లాడి రాసుకున్నాను. ఏం చేస్తే పని జరుగుతుందో, ఏం చేస్తే చెడుతుందో నాకు తెలిసినంత ఇక్కడ చెప్తాను. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. 1960ల్లో బొగ్గు ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేరినవాళ్ళకి ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. పుస్తకాలు, రికార్డులు వచ్చే ఏడాది చూసుకోవచ్చు, మనుషుల దగ్గరికి ఈ నెలలోనే వెళ్ళండి.

ముందు ఒక్క లైను పట్టుకోండి

"భారతీయ రైల్వే చరిత్ర" అని మొదలుపెడితే ఎక్కడికీ చేరరు. ఒక్క స్టేషన్ తీసుకోండి, లేదా రెండు జంక్షన్ల మధ్య లైను తీసుకోండి, దాన్ని పట్టుకుని కూర్చోండి. మన దగ్గర ఒక్కో లైను కథ ఒక్కోలా ఉంటుంది. నిజాం రాజ్యంలో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో బండి వచ్చింది, అక్కడినుంచి తూర్పుకు సాగి 1889లో బెజవాడ చేరింది. కోస్తాలో బెజవాడ నుంచి కటక్ వైపు లైను 1890ల్లో పడింది, రాజమండ్రి దగ్గర గోదావరి మీద హావ్‌లాక్ వంతెన 1900లో తెరిచారు, 1997లో దాని మీద బండ్లు ఆపేశారు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా అక్కడి రాజావారు వేయించిన నారో గేజి (ఇంకా ఇరుకు పట్టాల) బండి 1900లో మొదలై, 2004లో ఆగి, తర్వాత బ్రాడ్ గేజిగా (వెడల్పు పట్టాలుగా) మారింది. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఒకప్పుడు ఉన్న పెద్ద స్టీమ్ షెడ్డు (బొగ్గు ఇంజన్లు నిలిపి బాగుచేసే చోటు) చుట్టూ ఒక ఊరే పుట్టింది.

లైను ఎంచుకున్నాక మొదట చేయాల్సిన పని, అది ఏ కంపెనీ చేతినుంచి ఏ కంపెనీ చేతికి పోయిందో ఒక కాగితం మీద వరసగా రాసుకోవడం. ఇది చాలా అవసరం, ఎందుకంటే దొరికే ప్రతి వస్తువు మీదా, ప్రతి కాగితం మీదా కంపెనీ పొడి అక్షరాలుంటాయి, వాటినిబట్టే కాలం తేలుతుంది. సికింద్రాబాదు వైపు అయితే 1930 దాకా నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, ఎన్‌జీఎస్ఆర్. అప్పుడు నిజాం ప్రభుత్వం సొంతం చేసుకున్నాక ఎన్ఎస్ఆర్. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. గుంతకల్లు వైపు అయితే సదరన్ మరాఠా, 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా (పాతవాళ్ళ నోట్లో ఎమ్మెస్సెమ్), 1951 నుంచి సదరన్ రైల్వే, 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేకి వచ్చింది. వాల్తేరు వైపు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అందరూ బీఎన్ఆర్ అనేవాళ్ళు, ఆ తర్వాత 1955 నుంచి సౌత్ ఈస్టర్న్, 2003 నుంచి ఈస్ట్ కోస్ట్. ఈ వరస దగ్గరుంటే, ఒక చేతి లాంతరు మీద "ఎన్ఎస్ఆర్" అని పోత పోసి ఉంటే అది 1930కీ 1951కీ మధ్యదని అక్కడికక్కడే చెప్పేయగలరు.

స్టేషన్ కోడ్‌లలో కూడా పాత పేర్లు దాక్కుని ఉంటాయి. విజయవాడకి ఇప్పటికీ బీజెడ్ఏ అనే రాస్తారు, అందులో ఉన్నది బెజవాడే. మా తాతయ్య నోటుబుక్కులోని అక్షరాలు ఇలాంటి కోడ్‌లే అని నాకు ఏడాది తర్వాత గానీ తట్టలేదు.

మనుషుల్ని ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

రైల్వే పెన్షనర్ల సంఘాలు దాదాపు ప్రతి డివిజన్ ఊళ్ళో ఉంటాయి, వాళ్ళ నెల మీటింగుకి వెళ్ళి ఐదు నిమిషాలు అడిగి మాట్లాడండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకులకి వస్తారు, ఆ నెలలో పాత స్నేహితులు అక్కడే కలుసుకుంటారు. పాత రైల్వే కాలనీ దగ్గర టీ కొట్టు, చర్చి, గుడి అరుగు కూడా మంచి చోట్లే. ఒకరు దొరికితే చాలు, "మీతో పాటు డ్యూటీ చేసినవాళ్ళెవరైనా ఉన్నారా అండీ?" అని అడిగితే ఆయనే ఫోను తీసి ఇద్దరు ముగ్గురికి కలుపుతారు.

అందరూ డ్రైవర్ల దగ్గరికే పరిగెడతారు. డ్రైవరు కథలు బాగుంటాయి, కాదనను, కానీ లైను ఎలా నడిచిందో పూర్తిగా తెలియాలంటే గ్యాంగ్‌మన్, పట్టాల బిగింపులు చూసుకునే కీమాన్, గేట్‌మన్, పెట్టెల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మార్పించే షంటింగ్ జమాదారు, రాత్రి రెండింటికి డ్రైవర్ల ఇళ్ళకి వెళ్ళి తలుపు తట్టి లేపే కాల్‌మన్, వీళ్ళందరి దగ్గరికీ వెళ్ళాలి. వీళ్ళ గురించి ఎక్కడా రాసి ఉండదు. ఇంకా ముఖ్యంగా వాళ్ళ భార్యల్ని అడగండి. ఆ తలుపు చప్పుడుకి మొదట లేచింది ఆవిడే, టిఫిన్ క్యారియర్ కట్టింది ఆవిడే, క్వార్టర్లో నీళ్ళు ఎన్నింటికి వచ్చేవో, బొగ్గుమసి పట్టిన ఖాకీ బట్టలు దేంతో ఉతికేవాళ్ళో ఆవిడకే తెలుసు. భర్త మాట్లాడుతుంటే వంటింటి గుమ్మంలోంచి "అది నంద్యాల్లో కాదు, మార్కాపురంలో ఉన్నప్పుడు" అని సరిదిద్దేది కూడా ఆవిడే. అందుకని ఆవిడని కూడా కూర్చోమని అడగండి, ఫోను ఇద్దరి మధ్యా పెట్టండి.

పిలవడంలో జాగ్రత్త ఉండాలి. స్టేషన్ మాస్టరుగా చేసినాయన్ని "మాస్టారూ" అంటే ముఖం వెలిగిపోతుంది. గ్యాంగ్‌లో చేసినాయన్ని "బాబాయిగారూ" అనండి, "పెద్దాయనా" అనండి, మీ ఊళ్ళో ఎలా పిలుస్తారో అలా పిలవండి, కానీ మాస్టారికి ఇచ్చిన మర్యాదలో పిసరంత కూడా తగ్గకూడదు. డెబ్బై ఏళ్ళుగా ఆ తేడా చూసి చూసి ఉన్నవాళ్ళు వాళ్ళు, మీ గొంతులో కూడా అది వినపడితే మాట అక్కడే ఆగిపోతుంది.

"మీ జ్ఞాపకాలు చెప్పండి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే "ఏముంది బాబూ, డ్యూటీ చేశాం, రిటైరయ్యాం" అంటారు. ఒక్క రాత్రి డ్యూటీ మొదటినుంచి చివరిదాకా చెప్పించండి. ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరేవారు, చేతిలో ఏమేం ఉండేవి, స్టేషన్‌కి వెళ్ళగానే మొదట ఏ పుస్తకంలో సంతకం పెట్టేవారు, దిగిపోయే మాస్టరు మీకు ఏమేం అప్పజెప్పేవాడు, నోటితో చెప్పేవాడా రాసేవాడా, మొదటి బండి ఏది, అది లేటైతే మొదట ఎవరు ఫోను చేసేవాళ్ళు, వాన పడితే ఏం మారేది, నిద్ర ఆపుకోవడానికి ఏం చేసేవారు. ఇలా చెయ్యి ఏం చేసిందో అడుగుతూ పోతే మనసు దానంతటదే కదులుతుంది.

చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టడం ఇంకా మంచి దారి. ఒక మాస్టారు నాకు అరగంటసేపు అవునండీ, కాదండీ తప్ప ఏమీ చెప్పలేదు. టోకెన్ మిషన్ (సింగిల్ లైను మీద బండికి దారి ఇచ్చే పాత మిషన్, దాని సంగతి కింద చెప్తాను) ఫోటో ఒకటి ప్రింటు తీయించి తీసుకెళ్ళాను, అది టీపాయ్ మీద పెట్టాను. ఆయన దాన్నే చూస్తూ వేలితో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, ఆగి, "లైను క్లియరా అని అడిగాను. ఇప్పుడు అవతలివాడు కొట్టాలి" అన్నారు. ఆ రోజు మూడు గంటలు మాట్లాడారు.

బండి ఎలా నడిచేదో రాసుకోవడం

ఇదే అసలు విషయం, అందరూ వదిలేసేది కూడా ఇదే. ఇంజన్ నంబర్లు, ఫోటోలు చాలామంది దాస్తారు. ఆ బండి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి ఏ నమ్మకం మీద వెళ్ళిందో అడిగి రాసుకునేవాళ్ళు తక్కువ. అడగాలంటే ముందు మీకు కొంత తెలిసుండాలి, లేకపోతే వాళ్ళు చెప్పింది మీకు ఎక్కదు, మీకు ఎక్కట్లేదని తెలిసి వాళ్ళు ఆపేస్తారు. కాబట్టి సింగిల్ లైను మీద పాత పద్ధతి గురించి కొంచెం చెప్తాను.

ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకూడదు. దానికోసం పక్కపక్క స్టేషన్లు రెండింట్లో ఒక్కో మిషన్ ఉండేది, రెండింటినీ తీగతో కలిపేవాళ్ళు. మన దగ్గర ఎక్కువమందికి గుర్తున్నది నీల్స్ బాల్ టోకెన్ మిషన్. లోపల ఉక్కు గుండ్లుంటాయి. ఈ స్టేషన్ మాస్టరు గుండు బయటికి తీయాలంటే అవతలి మాస్టరు ఒప్పుకుని తన వైపు మిషన్ తిప్పాల్సిందే. ఒక గుండు బయటికి వచ్చిందంటే, అది మళ్ళీ ఈ రెండు మిషన్లలో ఒకదానిలో పడేదాకా రెండో గుండు రాదు. ఆ గుండు చేతికి అందితేనే డ్రైవరుకి ఆ సెక్షన్లోకి, అంటే ఆ రెండు స్టేషన్ల మధ్య లైనులోకి, వెళ్ళే హక్కు. గుండు మీద ఆ సెక్షన్ గుర్తులు చెక్కి ఉంటాయి, అది తన దారిదో కాదో డ్రైవరు చూసుకోవాలి.

రెండు మిషన్ల మధ్య మాట గంటలతో. ఒక దెబ్బ అంటే "ఇటు చూడు", రెండు "లైను క్లియరా?", మూడు "బండి సెక్షన్లోకి వచ్చింది", నాలుగు "బండి సెక్షన్ దాటేసింది", ఐదు "రద్దు". ఆరు దెబ్బలు ప్రమాద సూచన. ఈ ఆరింటినీ మీరు నేర్చుకుని వెళ్ళండి. మీరు ఆరు దెబ్బలు కొట్టి "ఇది ఎప్పుడైనా విన్నారా మాస్టారూ?" అని అడిగితే వచ్చే సమాధానం ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఆగని బండికి గుండు ఇవ్వడం పాయింట్స్‌మన్ పని. తోలు సంచిలో గుండు వేసి, ఆ సంచికి కట్టిన పెద్ద పేము రింగుని ప్లాట్‌ఫారం చివర ఎత్తి పట్టుకుంటే, ఇంజన్ మీద ఉన్నవాళ్ళు చెయ్యి చాపి రింగులోంచి పోనిచ్చి అందుకుంటారు, వెనకటి సెక్షన్ రింగుని విసిరేస్తారు. రాత్రిపూట, వానలో, బొగ్గు పొగలో ఇదంతా చేయాలి. విసిరిన రింగు పొదల్లోనో కాలవలోనో పడితే దాన్ని వెతికి మిషన్లో వేసేదాకా ఆ సెక్షన్లోకి ఇంకో బండి పోదు. ఇక్కడ అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఏ చేత్తో పట్టుకునేవారు, ఎక్కడ నిలబడేవారు, దెబ్బ ఎక్కడ తగిలేది, రింగు దొరకని రోజు ఏమైంది, మిషన్ పాడైతే కాగితం మీద లైను క్లియర్ టికెట్ రాసిచ్చేటప్పుడు ఎంత ఆలస్యమయ్యేది, ఆ ఆలస్యానికి తిట్లు ఎవరికి పడేవి. "క్రాసింగ్ పడింది" అని ప్రయాణికులు విసుక్కుంటూ కూర్చున్న ఆ పావుగంటలో స్టేషన్ గదిలో ఏం జరిగేదో మొత్తం ఈ జవాబుల్లోనే ఉంటుంది.

సిగ్నల్ చెయ్యి (స్తంభం మీద పైకీ కిందికీ కదిలే పలక) గురించి కూడా అడగండి. చాలాచోట్ల చెయ్యి కిందికి వాలితే దారి ఇచ్చినట్టు, కొన్నిచోట్ల పైకి లేస్తే దారి ఇచ్చినట్టు. మీ స్టేషన్లో ఏది ఉండేది, ఎప్పుడు మారింది, తీగ లాగడానికి లివర్ ఎంత బరువు, ఎండాకాలం తీగ సాగితే ఏం చేసేవారు. కిరసనాయిలు దీపం ముందు ఆకుపచ్చ కోసం పెట్టిన అద్దం పగలు చూస్తే నీలంగా ఉంటుంది, దీపం పసుపు వెలుగు దానితో కలిసి రాత్రి ఆకుపచ్చగా కనపడుతుంది. ఎవరింట్లోనైనా "సిగ్నల్ అద్దం" అని నీలం గాజు చూపిస్తే కాదనుకోకండి.

బొగ్గు ఇంజన్ వాళ్ళని అడిగేటప్పుడు ఇంజన్ క్లాసు, అంటే రకం, తెలుసుకుని వెళ్ళండి. బ్రాడ్ గేజి మీద పాసింజరు, ఎక్స్‌ప్రెస్‌లకి డబ్ల్యూపీ, గూడ్సుకి డబ్ల్యూజీ. మీటరు గేజి మీద వైపీ, వైజీ. ఇంజన్ మీద డ్రైవరు, ఫస్ట్ ఫైర్‌మన్, సెకండ్ ఫైర్‌మన్, ముగ్గురూ ఏం చేసేవాళ్ళో విడివిడిగా అడగండి. "ఏ బొగ్గు మంచిది?" అన్న ప్రశ్న ఎప్పుడూ వృథా పోలేదు నాకు. మంచి బొగ్గు పడిన రోజు, రాయి పడిన రోజు, ఎక్కుడులో ఆవిరి పడిపోయి బండి ఆగిపోయిన రోజు, అన్నీ వస్తాయి.

ఒకరు చెప్పింది ఇంకొకరితో పోల్చండి, కానీ తేడా వస్తే తొందరపడి తప్పు అనేయకండి. నల్లమల సెక్షన్ ఒకదాన్ని ఇరవై నిమిషాల్లో దాటేవాళ్ళమని ఒక డ్రైవరుగారు చెప్పారు, పాత వర్కింగ్ టైమ్ టేబుల్లో (ఉద్యోగులకి ఇచ్చే టైమ్ టేబుల్) చూస్తే ముప్పై పైనే ఉంది. వయసు మీద పడి మర్చిపోయారనుకున్నాను. ఆర్నెల్ల తర్వాత ఇంకో గార్డుగారు చెప్తే తెలిసింది, నేను చూసింది ఎక్కుడు వైపు, ఆయన చెప్పింది దిగుడు వైపు.

తేదీలు రాబట్టడం

"ఏ సంవత్సరం అండీ?" అంటే ఎవరికీ గుర్తుండదు. "మే నెల సమ్మె ముందా తర్వాతా?" అని అడగండి. 1974 రైల్వే సమ్మె ప్రతి ఇంటికీ తెలుసు, ఎవరు జైలుకెళ్ళారో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరు క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చిందో అన్నీ దాని చుట్టూ గుర్తుంటాయి. కోస్తాలో అయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, ఇంకా 1972–73 జై ఆంధ్ర ఉద్యమం. తెలంగాణలో 1969 ఉద్యమం. పెద్దబ్బాయి పుట్టక ముందా, ఎమర్జెన్సీలోనా, ఇలా రెండు వైపులా గట్టు కడితే సంవత్సరం మధ్యలో చిక్కుతుంది.

ప్రమాదాల గురించి మొదటిరోజు అడక్కండి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి బండి పడిపోయిన ఘటన లాంటివి, చిన్నవైనా పెద్దవైనా, చూసినవాళ్ళకి ఇప్పటికీ నిద్రలో వస్తాయి. వాళ్ళంతట వాళ్ళు ఎత్తితే వినండి, మధ్యలో ప్రశ్నలు వేయకండి, రికార్డింగ్ ఆపమంటే వెంటనే ఆపండి.

వస్తువులు: ఏది ఉంచుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

చట్టం సంగతి ముందు. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966లో వచ్చిన చట్టం ఉంది, మొదటి తప్పుకే ఐదేళ్ళ వరకు జైలు పడొచ్చు. పాత సామాన్ల కొట్టులో టోకెన్ గుండో, సిగ్నల్ దీపమో, ఇంజన్ నంబర్ ప్లేటో కనిపిస్తే చేతులు లాగుతాయి, నాకూ లాగాయి. రైల్వే వేలంలో కొన్నట్టు కాగితం చూపించగలిగితేనే కొనండి, బిల్లు జాగ్రత్త చేయండి. కాగితం లేకపోతే ఫోటో తీసుకుని వదిలేయండి. పాడుబడ్డ స్టేషన్ నుంచి ఒక బోల్టు కూడా తేకూడదు. అలాగే ఫోటో కోసం పట్టాల మీదికి వెళ్ళడం నేరం, ప్రాణానికీ ముప్పు. నల్లమలలో గాజులపల్లి–దిగువమెట్ట మధ్య వదిలేసిన దొరబావి పాత వంతెన లాంటివి అడవిలో ఉన్నాయి, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి.

ఎవరికీ ఇబ్బంది లేకుండా పోగుచేసుకోగలిగినవి కాగితాలు. అట్ట టికెట్టు అన్నిటికన్నా మంచిది. సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 31 వెడల్పు ఉండే ఈ టికెట్లని ఎడ్మండ్‌సన్ టికెట్లంటారు, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఎడ్మండ్‌సన్ అనే ఆయన పెట్టిన పద్ధతి అది. చిన్న అట్టముక్క మీదే ఎంతో ఉంటుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ ముందు ధర. నయా పైసలుంటే 1957–64 మధ్య. మూడో తరగతి అని ఉంటే 1974కి ముందు, ఎందుకంటే ఆ ఏడాదితో మూడో తరగతి పోయింది. తేదీ కనపడలేదని నిరాశపడకండి, చాలావాటికి తేదీని మిషన్‌తో గుద్దేవాళ్ళు, సిరా చెరిగినా అచ్చు మిగులుతుంది. గది చీకటి చేసి, టార్చి పక్కనుంచి అడ్డంగా వేసి చూడండి, అంకెలు లేస్తాయి.

ఇంకొకటి, కొనక్కర్లేనిది, ఇంటికి తెచ్చుకోనూ అక్కర్లేనిది. పాత పట్టాలని మనవాళ్ళు దేనికి వాడలేదు? స్టేషన్ షెడ్డు స్తంభాలు, కంచె గుంజలు, ఊళ్ళో కరెంటు స్తంభాలు. పట్టా నడుం మీద, పక్క వైపున, తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం పొంగు అక్షరాల్లో ఉంటాయి. రంగు పొరల కింద చేత్తో తడిమితే తెలుస్తుంది. పల్చటి తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ మొద్దుగా రుద్దితే అక్షరాలు దిగుతాయి. ప్లాట్‌ఫారం మీద రోజూ వేలమంది ఆనుకునే స్తంభాలు ఏ ఏటివో ఇలా మీరు చెప్పగలుగుతారు. స్టేషన్ మాస్టర్ని అడిగి, ప్లాట్‌ఫారం వైపునుంచే చేయండి.

దాచడంలో నేను చూసిన పెద్ద నష్టం లామినేషన్. ఒక ఇంట్లో ప్రేమతో, పాడవకూడదని, తండ్రిగారి పాత పాస్‌లన్నీ లామినేట్ చేయించారు. వేడికి సిరా కరిగి మూడు కాగితాలు పనికిరాకుండా పోయాయి. సెల్లో టేపు కూడా అంతే, నాలుగేళ్ళకి పచ్చటి మరక. ముందు రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేయండి, తర్వాత కాగితం కవర్లలో పెట్టి, గోడకి ఆనని ఇనప బీరువాలో ఉంచండి, చెదలు పట్టని చోట. ఫోటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్, బాల్ పెన్ వద్దు. ఇత్తడి లాంతర్లని తళతళలాడేలా తోమకండి, ఆ నల్లదనంలోనే గీసిన నంబర్లు, రంగు పొరలు ఉంటాయి.

ప్రతి వస్తువుకీ ఒక చీటీ రాయండి. ఎవరిది, ఎక్కడ వాడారు, ఎవరిచ్చారు, ఏ రోజు ఇచ్చారు, ఇస్తూ ఏమన్నారు. చీటీ లేని విజిలు ఉత్త విజిలే. మా తాతయ్య విజిలు ఏ స్టేషన్లో మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాగితాల కోసం ఎక్కడికెళ్ళాలి

జనం కొనుక్కునే టైమ్ టేబుల్ వేరు, ఉద్యోగులకి ఇచ్చే వర్కింగ్ టైమ్ టేబుల్ వేరు. రెండోదాంట్లో ఏ బండి ఎక్కడ దేన్ని దాటుతుంది, ఏ మలుపులో ఎంత వేగం, ఏ స్టేషన్లో నీళ్ళు పట్టాలి, అన్నీ ఉంటాయి. అది ఆఫీసు వాడకానికే, కాబట్టి ఇప్పటివి అడగొద్దు. ముప్పై నలభై ఏళ్ళనాటివి రిటైరైనవాళ్ళ అటకల మీద ఉంటాయి, చూసి రాసుకుంటామని అడగండి.

నిజాం రైల్వే సంగతులకి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళండి, గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి, ఉర్దూ చదవగలిగిన స్నేహితుణ్ణి తీసుకెళ్తే ఇంకా మంచిది. పాత గెజిటీర్లు (జిల్లాల వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకాలు), రైల్వే వార్షిక నివేదికలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, అక్కడ వెతికేటప్పుడు ఊళ్ళ పేర్లు పాత ఇంగ్లీషు స్పెల్లింగుల్లో కొట్టాలి, కడపని, ఏలూరుని ఇప్పటిలా కొడితే రావు. 1950లనాటి అమెరికా సైన్యం మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైటులో ఉన్నాయి, ఇప్పుడు పీకేసిన లైన్లు వాటిలో కనిపిస్తాయి.

సమాచార హక్కు కింద డివిజన్ ఆఫీసుకి 10 రూపాయలతో అర్జీ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 20 ఏళ్ళు దాటిన విషయాలకి చట్టంలోని చాలా మినహాయింపులు అడ్డురావు. కాకపోతే "స్టేషన్ చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "రికార్డు లేదు" అనే జవాబొస్తుంది, నాకు ఒక ఆఫీసు నుంచి రెండుసార్లు అలాగే వచ్చింది. మూడోసారి "ఫలానా స్టేషన్లో మీటరు గేజి చివరి బండి నడిచిన తేదీ" అని ఒక్క ముక్క అడిగాను, వచ్చింది.

రికార్డింగు, ఆ తర్వాత

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదట్లో ఒక ఫైర్‌మన్‌గారితో రెండు గంటలు మాట్లాడాక చూస్తే, మధ్యలో వచ్చిన ఫోను కాల్‌కి రికార్డింగ్ నలభై నిమిషాల దగ్గరే ఆగిపోయి ఉంది, ఆయన్ని మళ్ళీ కలిసే అవకాశం రాలేదు. ఎండాకాలం ఫ్యాను ఆపమనలేం, కాబట్టి ఫోనుని మడిచిన తువ్వాలు మీద పెట్టి ఆయన ఛాతీకి దగ్గరగా ఉంచండి. గంట దాటనివ్వకండి, మళ్ళీ వస్తామని చెప్పి లేవండి. మొదట్లోనే తేదీ, ఊరు, పేరు, ఏ ఉద్యోగం, ఏ ఏళ్ళల్లో చేశారో ఆయన గొంతుతోనే చెప్పించండి. ఇది ఎవరెవరికి వినిపించవచ్చో అడిగి ఆ మాట కూడా రికార్డు చేయండి.

ఇంటికొచ్చాక ఆ రాత్రే రాయండి, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే ఉంచండి. "ఇస్టేషను" అంటే "ఇస్టేషను" అనే రాయండి. ఆయన కళ్ళారా చూసింది ఒక రంగు సిరాతో, ఎవరో చెప్పగా విన్నది ఇంకో రంగుతో రాస్తే తర్వాత గందరగోళం ఉండదు.

రాసింది పెద్దక్షరాల్లో ప్రింటు తీసి ఆయనకే తీసుకెళ్ళి ఇవ్వండి, పెన్నుతో సహా. ఇది మానకండి, ఎంత దూరమైనా వెళ్ళండి. టోకెన్ ఫోటో చూసి బల్ల మీద రెండు దెబ్బలు కొట్టిన ఆ మాస్టారికి అలాగే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, రెండో పేజీలో "మూడో లైను" అని నేను రాసినచోట కొట్టేసి "లూప్" (బండ్లు పక్కకి తప్పుకుని ఆగే లైను) అని రాశారు, కాగితం వెనక్కి తిప్పి స్టేషన్ మొత్తం గీయడం మొదలుపెట్టారు. నీళ్ళ ట్యాంకు, లాంపు గది, గేటు, వేపచెట్టు. గీస్తూ గీస్తూ ప్లాట్‌ఫారం చివర ఒక చిన్న చుక్క పెట్టి, "మీ తాతగారి లాంటి పాయింట్స్‌మన్లు రింగు పట్టుకుని నిలబడేది ఇక్కడ" అన్నారు.